చర్చ: కన్ను పట్టుకోలేదని వీడియోలోంచి తీసేసిన రంగు నిజంగా అక్కర్లేనిదేనా?

గంజాం_కెమెరా (బరంపురం)

అందరికీ నమస్కారం. ఒక గొడవ తేలక ఇక్కడ పెడుతున్నాను. ఈ మధ్య ముహూర్తాల్లో తీసిన ఒక పెళ్ళి వీడియో పెళ్ళివారికి ఇచ్చాం. పెళ్ళికూతురిది ఎర్ర బరంపురం పట్టు, ముదురాకుపచ్చ అంచు, అంచు పొడుగునా ఫోడా కుంభం, అంటే గుడి గోపురాల్లా కొసదేరిన బొమ్మల వరస. ఇంట్లో టీవీలో చూసి అంతా బాగుందన్నారు. పెళ్ళికూతురి మేనత్త మాత్రం ఫోన్లో పాజ్ చేసి, వేళ్ళతో లాగి పెద్దది చేసి చూసింది. "కుంభాల కొసలు ఏవయ్యా? ఎరుపూ ఆకుపచ్చా ఒకదాన్లోకి ఒకటి కారిపోయాయి" అని నిలదీసింది. ఫోకస్ తప్పలేదు. అదే ఫ్రేములో అమ్మాయి కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయి. అంచు దగ్గరే ముద్ద.

నేను చెప్పిన జవాబు ఇది. మా కెమెరా 4:2:0 పద్ధతిలో రికార్డు చేస్తుంది. వెలుగుని ప్రతి పిక్సెల్‌కీ విడిగా రాసుకుంటుంది, రంగుని మాత్రం నాలుగు పిక్సెళ్ళకి కలిపి ఒకసారే రాస్తుంది. మనిషి కన్ను రంగులో సన్నపు వివరాల్ని పట్టుకోలేదు కాబట్టి అలా చేస్తారు. డీవీడీ, టీవీ, యూట్యూబ్, అన్నిటా ఇదే. ఆవిడ వింటేనా? "నా కన్ను పట్టుకుంది కదా, మరి నాది మనిషి కన్ను కాదా?" అంది. మిగిలిన డబ్బు ఆపేశారు.

డబ్బు సంగతి వదిలేయండి. కన్ను పట్టుకోలేదని ఎవరో లెక్కగట్టి తీసేస్తున్నది నిజంగా అక్కర్లేనిదేనా? మీరేమంటారు?

రాయగడ_కేబుల్

ఇందులో చర్చకేముంది అన్నా? తీసేయకపోతే టీవీయే లేదు. లెక్క చూడు. 1920 అడ్డం, 1080 నిలువు, పిక్సెల్‌కి 24 బిట్లు, సెకనుకి 25 ఫ్రేములు. మొత్తం సెకనుకి 124 కోట్ల బిట్లు. కేబుల్‌లో 8 మెగాహెర్ట్జ్ స్లాటు ఒకటి, 256 క్వామ్ (అంకెల్ని సిగ్నల్ మీదికి ఎక్కించే పద్ధతి)తో మోసేది దాదాపు 5 కోట్ల బిట్లు. అంటే ఏ కోతా లేకుండా ఒక్క చానల్ పంపాలంటే పాతిక స్లాట్లు. ఇప్పుడు అదే ఒక్క స్లాట్‌లో నాలుగైదు హెచ్‌డి చానళ్ళు కూర్చోబెడుతున్నాం. 4:2:0 ఒక్కటే బరువుని సగానికి దించేస్తుంది, 24 బిట్లు కాస్తా 12 అవుతాయి.

ఇన్నేళ్ళ నుంచీ కేబుల్ నడుపుతున్నాను. క్రికెట్ రోజున సిగ్నల్ పోతే ఇంటి మీదికొచ్చినవాళ్ళున్నారు గానీ, "రంగు సగమే వస్తోంది" అని అడిగినవాడు ఒక్కడు లేడు. కంటికి తెలియని దాన్ని మొయ్యడం దేనికి? మేనత్త గారు బాకీ ఎగ్గొట్టడానికి చూస్తున్నారేమో కనుక్కో ముందు.

నేతింటి_పిల్ల (బరంపురం)

రాయగడ అన్నయ్యా, మీ చందాదారులు టీవీ ముందు కూర్చున్నది చీర కొనడానికి కాదు. నేను ఫోన్లో వీడియో చూపించి చీరలు అమ్ముతాను. కొనే ఆడవాళ్ళు ముందు చూసేది కుంభం కొస. అది పదునుగా దిగిందా, అడ్డం పోగు జాయింట్ దగ్గర ఎరుపు ఆకుపచ్చలోకి చొరబడిందా అని. చేత్తో నేసిందా కాదా అన్నది చాలామంది అక్కడే పసిగడతారు. నా వీడియోలో ప్రతి చీరా జాయింట్ చెడిపోయిన చీరలాగే కనబడుతుంది. "అక్కా, ఇది ప్రింటా?" అని మెసేజిలు. జీఐ గుర్తింపు ఉన్న పట్టు అది!

ఇంకొకటి. ఎడిటింగ్ చేసే మా తమ్ముడు చెప్పాడు. ఒత్తుగా అల్లిక, బూటా ఉన్న చోట తప్పులు జరిగినా కన్ను కనిపెట్టలేదట, అందుకని కోడెక్ (వీడియోని కుదించే ప్రోగ్రాము) కావాలనే అలాంటి చోటే ఎక్కువ తప్పులు పడనిస్తుందట. నున్నటి గోడ మీద, ఆకాశం మీద జాగ్రత్త పడుతుందట. అంటే నా వెనక గోడ శుభ్రంగా వస్తుంది, నేను అమ్మే బూటా పాడవుతుంది. ఆ గోడని ఎవరు కొంటారు?

గుణుపురం_గడుసు

గోడక్కూడా బేరం వస్తుందేమో పెట్టి చూడండి 😀

పర్లాకిమిడి_మాస్టారు

అబ్బాయిలూ, అమ్మాయీ, అందరిదీ చదివాను. ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

రంగుని తక్కువ వివరంతో పంపొచ్చన్న ఆలోచన డిజిటల్ కంటే చాలా పాతది. ఫ్రాన్సులో జార్జ్ వాలెన్సి 1938లోనే వెలుగునీ రంగునీ విడదీసి పంపే పద్ధతికి పేటెంట్ వేశాడు. అమెరికాలో 1953లో కలర్ టీవీ ప్రమాణం ఖాయం చేసినప్పుడు వెలుగుకి 4.2 మెగాహెర్ట్జ్ జాగా ఇచ్చారు. రంగుని రెండు పాయలుగా చీల్చి, నారింజ–నీలి పాయకి 1.3, ఊదా–ఆకుపచ్చ పాయకి సుమారు అర మెగాహెర్ట్జ్ చాలన్నారు. ఆ రెండిటికీ తేడా ఎందుకంటే, నారింజ–నీలి వైపు మారే రంగుల్లో మన కన్ను కాస్త మెరుగు. ఒంటి ఛాయలన్నీ అటే ఉంటాయి కదా. అదంతా మనుషుల్ని కూర్చోబెట్టి, చూపించి, అడిగి తేల్చుకున్న సంగతి.

కంటి నిర్మాణం కూడా అదే చెబుతుంది. రంగు చూసే కోన్ కణాలు మూడు రకాలు. నీలానికి స్పందించేవి చాలా తక్కువ, చూపు కేంద్రం నట్టనడుమ అసలు ఉండవు. చేయి చాపి చూస్తే చిటికెనవేలి వెడల్పు దాదాపు ఒక డిగ్రీ. ఆ డిగ్రీలో నలుపు–తెలుపు గీతల జతలు 50, 60 దాకా గీసినా మంచి కన్ను విడదీసి చూస్తుంది. వెలుగు సమానంగా ఉంచి రంగు మాత్రం మార్చిన గీతలైతే 10, 12 జతల దగ్గరే కలిసిపోతాయి. కేబుల్ అబ్బాయి సగం బరువు దించుకుంటున్నది దీని పుణ్యమే.

కానీ "వెలుగు సమానంగా ఉంచి" అన్నాను చూడండి, తగువంతా ఆ షరతులోనే ఉంది. హెచ్‌డి ప్రమాణం బీటీ 709లో వెలుగు లెక్క ఎలా కడతారంటే, ఎరుపుని 0.2126తో, ఆకుపచ్చని 0.7152తో, నీలాన్ని 0.0722తో హెచ్చించి కూడతారు. ఒక్కో రంగుకీ 0 నుంచి 255 దాకా అంకెలుంటాయి. చీర ఒళ్ళు నిండు ఎరుపు, 255 అనుకోండి. హెచ్చిస్తే 54. అంచు ముదురాకుపచ్చ, 76 అనుకోండి. హెచ్చిస్తే అదీ 54! కెమెరా లెక్కలో ఒంటికీ అంచుకీ వెలుగులో తేడా సున్న. వెలుగు పొరలో కుంభం గీతే పడదు. ఉన్న గీతంతా రంగు పొరలో ఉంది, ఆ రంగు పొరనే నాలుగు పిక్సెళ్ళకి ఒకటి చొప్పున ముద్ద చేశాం.

కంటికీ అంతే కదా, వెలుగు సమానమైతే కన్నూ పట్టుకోలేదు కదా అని మీరు అడగొచ్చు. వెలుగు సమానం కాదు. 255, 76 అనేవి గామా వేసిన అంకెలు, అంటే చీకటి మెట్లకి ఎక్కువ చోటు దక్కేలా వంచి రాసినవి, తెర మీంచి వచ్చే కాంతికి అవి నేరుగా కొలతలు కావు. తెర మీది కాంతినే కొలిస్తే ఆ ఎరుపు ఆ ఆకుపచ్చకి నాలుగు రెట్లకి పైన ఉంటుంది. కంటికి అది రంగు తేడా మాత్రమే కాదు, గట్టి వెలుగు తేడా. అలాంటి గీతని కన్ను సన్నగానే చూస్తుంది. కెమెరా దాన్ని "రంగే కదా" అని జమకట్టి మసక చేసింది.

ఎందుకలా జరిగిందంటే, ముందు గామా వేసి ఆ తర్వాత వెలుగు లెక్క కట్టారు. కంటి ప్రకారం వరుస తిరగబడాలి. ముందు వెలుగు, తర్వాత గామా. 1950లలో ప్రతి టీవీ పెట్టెలోనూ అలా విప్పి మళ్ళీ చుట్టే సర్క్యూట్ పెట్టడం ఖర్చు, అందుకని అడ్డదారి తొక్కారు. అది డిజిటల్లోకీ అలాగే వచ్చేసింది. 2012లో వచ్చిన అల్ట్రా హెచ్‌డి ప్రమాణం బీటీ 2020లో సరైన వరుసలో కట్టే పద్ధతిని కూడా ఒక ఎంపికగా పెట్టారు గానీ వాడేవాళ్ళు అరుదు. మామూలు రంగుల్లో ఈ తేడా బయటపడదు. నిండు ఎరుపు, నిండు నీలం దగ్గరే పట్టుబడుతుంది. పెళ్ళిచీరలన్నీ అవే రంగులాయె.

అందుచేత మేనత్త గారిది రైటే. కన్ను గురించిన లెక్కా రైటే. దాన్ని సగం పాటించి మిగతా సగంలో డబ్బు మిగుల్చుకున్నారు, ముద్ద అక్కణ్ణుంచి వచ్చింది.

గంజాం_కెమెరా

మాస్టారూ, దండం. ఆ 54, 54 లెక్క స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. మేనత్త గారికి మాత్రం చూపించను.

గుణుపురం_గడుసు

మాస్టారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. "మనిషి కన్ను" అని ఇంత ధీమాగా అంటున్నారు, ఏ మనిషి? రంగుల లెక్కకి మూలం 1931లో సీఐఈ (కాంతి, రంగుల అంతర్జాతీయ కమిషన్) తయారుచేసిన "ప్రామాణిక పరిశీలకుడు". అతగాడు ఒక మనిషి కాడు, ఇంగ్లండులో రైట్ అనే ఆయన పరీక్షించిన 10 మంది, గిల్డ్ అనే ఆయన పరీక్షించిన 7 మంది, ఆ 17 మంది సగటు. నూరేళ్ళు కావస్తోంది. మీ ఫోన్ తెరా, నా ప్రింటరూ, ఇందాకటి 0.2126 కూడా ఆ సగటు మీదే నిలబడి ఉన్నాయి. గుణుపురం సంతలో తిరిగే ఒక్క కన్నైనా అందులో ఉందా?

కొడాక్ వాళ్ళ షర్లీ కార్డు సంగతి మీకు తెలిసే ఉంటుంది. ల్యాబుల్లో ప్రింటు రంగులు సరిచూసుకోవడానికి ఒక తెల్ల అమ్మాయి ఫోటో పంపేవారు. ఆవిడ బాగా వస్తే చాలు, అన్నీ సరిగ్గా ఉన్నట్టే. ఇక్కడ సవర పెళ్ళిళ్ళు తీసేవాళ్ళని అడగండి. కెమెరాని ఆటో మోడ్‌లో పెట్టి తీస్తే నల్లటి ముఖాల్లో వివరం అంతా ఏమవుతుందో, దాన్ని బయటికి లాగడానికి ఎడిటింగ్‌లో ఎంత తంటానో. కోడెక్ చీకటి భాగాల్లో ఎక్కువ పిసినారితనం చేస్తుంది. అక్కడ కన్ను ఏమీ చూడదని ఎవరు చెప్పారు?

పర్లాకిమిడి_మాస్టారు

మంచి ప్రశ్న. రెండు వేరు వేరు సంగతులు కలిపేశావు నాయనా, విడదీస్తాను.

17 మంది అన్నది నిజమే. చాలదని వాళ్ళకీ అనిపించింది కాబట్టే స్టైల్స్, బర్చ్ అనే ఇద్దరు మళ్ళీ కొలిచి 1959లో ఫలితాలు వేశారు. ఈసారి 49 మంది, చూపు వైశాల్యం 2 డిగ్రీలు కాదు, 10 డిగ్రీలు. నీలం కొసన 1931 నాటి అంకెల్లో లోపం ఉందని అంతకుముందే, 1951లో జడ్ అనే ఆయన దిద్దుబాటు చూపించాడు. మిగతా చోట్ల పాత లెక్క పెద్దగా కూలిపోలేదు. ఎందుకంటే కోన్ కణాల్లోని రంగు పదార్థాలు మనుషులందరిలోనూ దాదాపు ఒకటే. ఇంగ్లండు కన్నుకీ గుణుపురం కన్నుకీ ఉన్న తేడా కంటే, నీ కన్నుకీ నా కన్నుకీ ఉన్న తేడా ఎక్కువ. వయసు మీద పడేకొద్దీ కంటి కటకం పసుపెక్కి నీలాన్ని మింగేస్తుంది. శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నాక మా ఆవిడ వంటింటి గోడని చూసి "సున్నం ఎప్పుడు వేయించారు?" అని అడిగింది.

షర్లీ కార్డు మాత్రం కంటి నమూనా కాదు. ఎవరి ముఖం బాగా రావాలో నిర్ణయించుకున్న వ్యాపారం అది. చీకటి భాగాల సంగతీ అంతే. మనిషికి తేడాలు ఎలా తెలుస్తాయో కొలిచిన వెబర్, ఫెక్నర్ల కాలం నుంచీ శాస్త్రం చెప్పేది నువ్వనే దానికి దగ్గరే. కన్ను తేడాని నిష్పత్తిలో చూస్తుంది కాబట్టి చీకట్లో చిన్న మార్పు కూడా తెలుస్తుంది. గామా వేసి చీకటి మెట్లకి ఎక్కువ అంకెలు కేటాయించేది అందుకే. ఆ తర్వాత కోడెక్‌లో బిట్లు తగ్గించమని మీట నొక్కినవాడు చీకట్లో కోస్తే ఆ పాపం వెబర్‌కి అంటగట్టొద్దు.

గుణుపురం_గడుసు

షర్లీ వేరు, కన్ను వేరు, ఒప్పుకున్నాను. కానీ మీట నొక్కినవాడు కూడా "కంటికి తెలీదులే" అనే నొక్కుతాడు మాస్టారూ. శాస్త్రం పేరు చెప్పి పిసినారితనం చేస్తే శాస్త్రానికి కొంచెమైనా మసి అంటదా?

నేతింటి_పిల్ల

👏

ఎక్స్‌రే_గది

బరంపురంలోనే ఒక ఆసుపత్రి రేడియాలజీలో పని చేస్తాను. ఊరి పేరు దాటి ఇంకేమీ అడక్కండి.

మా దగ్గర ఇదే కంటి లెక్కని ఎదురు పనికి వాడతారు. ఎక్స్‌రే చూసే మానిటర్లకి డైకామ్ అనే ప్రమాణం ఉంది, అందులో బూడిదరంగు మెట్లు ఎలా ఉండాలో బార్టెన్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన కంటి నమూనా ప్రకారం రాసి పెట్టారు. చదరపు మీటరుకి 0.05 క్యాండెలా (వెలుగు కొలత) నుంచి దాదాపు 4000 దాకా, కన్ను "ఇది వేరు" అని గుర్తుపట్టగల మెట్లు 1023 అని లెక్క. మానిటర్ని ఆ మెట్లకి తగ్గట్టు సరిచేస్తాం. నీడలో ఉన్న పగులైనా, వెలుగులో ఉన్న పగులైనా ఒకే తేలికతో కనబడాలని. ఆ మధ్య వచ్చిన హెచ్‌డీఆర్ టీవీల్లో వెలుగుని అంకెలుగా రాసే పీక్యూ పద్ధతికి కూడా మూలం బార్టెన్ నమూనాయే.

అంటే కన్ను ఎంత చూడగలదో తెలిస్తే, ఆ హద్దు దాటినదాన్ని పారెయ్యడానికీ వాడొచ్చు, హద్దు లోపల ఉన్నదేదీ తప్పిపోకుండా కాపలా కాయడానికీ వాడొచ్చు. ఒకే అంకెలు. మాకు అసలు ఫైలు చెక్కుచెదరకుండా సర్వర్‌లో ఉంటుంది, చూసేటప్పుడు డాక్టరు గారు కాంట్రాస్టు తిప్పుకుంటారు. అలా తిప్పినప్పుడు, ఇందాక కంటికి కనబడనిది కనబడుతుంది. దాన్ని ముందే కోసేసి ఉంటే తిప్పి ఏం లాభం?

ఇంత చేసి ఏం జరుగుతుందంటే, ఊళ్ళోంచి ఎవరో వెలుగుపెట్టె మీద ఫిల్ము పెట్టి, ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి "చూసి చెప్పండి సార్" అంటారు. వాట్సాప్ దాన్ని చిన్నది చేసి, మళ్ళీ నొక్కి పంపుతుంది. సన్నపు పగులు గీత అందులో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కనీసం డాక్యుమెంటుగా పెట్టి పంపండి బాబూ.

చికిటి_దస్తావేజు

మా తాతగారి కాలం నాటి తాళపత్రాలు, భూమి కాగితాలు స్కాన్ చేయిస్తున్నాను. షాపతను జేపెగ్ చాలంటాడు. నాకు భయం. 2013లో జర్మనీలో క్రీజెల్ అనే అతను బయటపెట్టిన సంగతి చదివాను. జిరాక్స్ కంపెనీ స్కానర్లు కొన్ని కాగితాల్లో 6 ఉన్నచోట 8 పెట్టేశాయట. చూడటానికి అక్షరం పదునుగానే ఉంది, అంకె మాత్రం మారిపోయింది! సర్వే నంబరులో అలా జరిగితే కోర్టులో నా గతేంటి? కంటికి బాగుంటే చాలనుకోవడం వల్లే కదా ఇదంతా.

జయపురం_కోడెక్

జిరాక్స్ సంగతి దీని కిందికి రాదు బాబాయ్. అది జేబిగ్2 అనే పద్ధతి. పేజీలో ఒకేలాంటి ఆకారాల్ని వెతికి, ఒకటే దాచుకుని, మిగతా చోట్ల దాన్నే అతికిస్తుంది. 6నీ 8నీ ఒకటే అనుకుని అతికించింది. కన్ను ఎంత చూస్తుందన్న లెక్క అందులో లేదు.

జేపెగ్‌కి మాత్రం మీ భయం వేరే విధంగా సరైనదే. అందులో బొమ్మని 8×8 పిక్సెళ్ళ ముక్కలు చేసి, ఒక్కో ముక్కని మెల్లగా మారే అలలు, వేగంగా మారే అలలుగా విడదీస్తారు. ఆ లెక్క పేరు డీసీటీ. 1974లో అహ్మద్, నటరాజన్, రావు అనే ముగ్గురు ప్రచురించారు. ఆ రావు కామిశెట్టి రామమోహనరావు గారు, టెక్సాస్‌లో ప్రొఫెసరుగా చేశారు. ప్రతి ఫోన్‌లోనూ రోజూ తిరిగే లెక్కలో అలాంటి పేరు ఉందని మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎంతమందికి చెబుతారో!

విడదీసిన 64 అంకెల్నీ ఒక పట్టికతో భాగించి గుండ్రం చేస్తారు. 1992 నాటి ప్రమాణంలో ఉదాహరణగా ఇచ్చిన పట్టికలో ఎడమ పైమూల 16, కుడి కిందిమూల 99. అంకె పెద్దదైతే ఆ వివరాన్ని అంత మొరటుగా కోస్తారన్నమాట. రంగు పట్టిక మొదటి వరస 17, 18, 24, 47, ఆ తర్వాత అన్నీ 99. మనుషుల కళ్ళతో పరీక్షించి తేల్చిన అంకెలే ఇవి. సన్నటి అలల్ని కన్ను తక్కువ పట్టుకుంటుందని కింద మూల గట్టిగా కోశారు. ఫోటోకి బాగానే ఉంటుంది. తెలుగు అక్షరానికి? 'ప'కీ 'వ'కీ, 'వ'కీ 'మ'కీ తేడా ఎంతలో ఉంటుంది? 'ఫ' కింద గీత ఎంత? ఆ సన్నపు గీతలన్నీ 99 వైపు పడతాయి. క్వాలిటీ తగ్గిస్తే అక్షరాల చుట్టూ బూడిద చుక్కలు లేస్తాయి, తాటాకు మరక మీద గంటం గీత ఎక్కడ ఆగిందో తెలీదు. మీరు టిఫ్‌లో గానీ, నష్టం లేని పీఎన్‌జీలో గానీ చేయించండి. హార్డ్ డిస్కు పోయినా ఇంకొకటి కొనుక్కోవచ్చు, తాటాకుకి పురుగు పడితే మళ్ళీ స్కాన్ చెయ్యలేం.

రాయగడ_కేబుల్

పత్రాలకీ ఎక్స్‌రేలకీ నేనూ అడ్డం చెప్పను. చర్చ పెళ్ళి వీడియో మీద మొదలైంది, పెళ్ళి వీడియోకి రండి. 43 అంగుళాల టీవీలో ఫుల్ హెచ్‌డి పిక్సెల్ సుమారు అర మిల్లీమీటరు. కంటి హద్దు ఒక నిమిషం కోణం, అంటే డిగ్రీలో 60వ వంతు. ఐదున్నర అడుగులు దాటి కూర్చుంటే ఒక పిక్సెల్‌నే విడిగా చూడలేవు. మన ఇళ్ళలో సోఫా అంతకంటే దూరంలోనే ఉంటుంది. అలాంటప్పుడు నాలుగు పిక్సెళ్ళ రంగు గురించి ఇంత రభసా?

జయపురం_కోడెక్

అదే అసలు పాయింటు అన్నా, కాకపోతే మీరు రెండో కొస నుంచి పట్టుకున్నారు. ఈ నమూనాలన్నిటిలోనూ దూరం ముందే రాసి ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ 2016లో బయటపెట్టిన వీమాఫ్ అనే కొలత ఉంది. వీడియో ఎంత బాగుందో మనుషులిచ్చిన మార్కులతో నేర్పించిన కొలత. దాని మామూలు 1080 నమూనా, చూసేవాడు తెర ఎత్తుకి మూడింతల దూరంలో కూర్చున్నాడని అనుకుంటుంది. ఫోన్‌కి వేరే నమూనా, 4కె టీవీకి వేరే నమూనా. అంతకుముందు 2004లో వచ్చిన ఎస్‌ఎస్‌ఐఎం అయితే బొమ్మ నిర్మాణం ఎంత మిగిలిందో చూస్తుంది, అదీ పనికొచ్చేదే. కానీ పాజ్ నొక్కి, రెండు వేళ్ళతో లాగి, కళ్ళజోడు సర్దుకుని చూసే మేనత్త ఏ నమూనాలోనూ లేదు.

పాజ్ సంగతి ఇంకా ఉంది. సీన్ మారిన వెంటనే కన్ను ఒక్క క్షణం వివరాన్ని పట్టుకోలేదు. ఆ ఒకటి రెండు ఫ్రేముల్లో కోడెక్ బిట్లు ఆదా చేసుకోవచ్చు, వీడియో నడుస్తుంటే ఎవరికీ తెలీదు. సరిగ్గా అక్కడ ఆపితే ముఖాలు ముద్దగా ఉంటాయి. పెళ్ళి వీడియోని జనం ఆపి ఆపి చూస్తారు, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరి మెళ్ళో ఏముంది అని. సినిమాని అలా చూడరు.

ఒక మెట్టు పైకెక్కితే ఇంకా చిత్రం. 2018లో వచ్చిన ఏవీ1 కోడెక్‌లో ఫిల్ము గింజల్ని (ఫిల్ము బొమ్మ మీద కనబడే సన్నటి చుక్కల్ని) తీసేసి, వాటి లక్షణాలు మాత్రం రాసి పంపి, చూసేవాడి దగ్గర కొత్త గింజలు పుట్టించి చల్లే ఏర్పాటు ఉంది. గింజ ఉన్నట్టే ఉంటుంది, అసలుది మాత్రం కాదు. కంటికి తేడా తెలీదు. నాకైతే ఇది అన్యాయమనిపించదు, గింజ ఎక్కడుందో ఎవరికి కావాలి? అదే పని రేపు చీర అల్లిక మీద చేస్తే మాత్రం ఒప్పుకోను.

నేతింటి_పిల్ల

రేపేంటి, ఇప్పుడే చేస్తున్నారు. కొన్ని ఫోన్లలో జూమ్ చేసి తీస్తే లేని పోగులు పుట్టిస్తోంది. చూడ్డానికి నా చీర కంటే బాగుంది. పార్సెల్ విప్పాక తిడుతున్నది నన్ను.

నేను కోత వద్దనడం లేదు. నాకూ డేటా బిల్లు ఉంది, నా వీడియోలూ కోసినవే. కన్ను ఎంత చూడగలదో ఆ నమూనాలకి తెలుసు, ఒప్పుకుంటాను. ఏం వెతుక్కుంటుందో తెలీదు. మా అమ్మ కళ్ళజోడు లేకుండా ఫోన్లో నంబరు చదవలేదు, తప్పు పోగు మాత్రం గుమ్మంలోంచి చెబుతుంది. ఎవరు దేనికోసం చూస్తారో అడక్కుండా "కంటికి చాలు" అంటే అది ఎవరి కంటికో చెప్పాలి.

రాయగడ_కేబుల్

చెల్లెమ్మా, అలా అయితే ఒక్కొక్కరికీ ఒక్కో వీడియో చెయ్యాలి. చీర చూసేవాళ్ళకి ఒకటి, నగలు చూసేవాళ్ళకి ఒకటి, విస్తట్లో ఏం వడ్డించారో చూసే నాలాంటివాళ్ళకి ఒకటి. ఎవరిస్తారు డబ్బు?

గంజాం_కెమెరా

ఇప్పుడు పని సంగతి అడుగుతాను మాస్టారూ. మా కొత్త కెమెరాలో 4:2:2, 10 బిట్ ఉంది. కార్డులు త్వరగా నిండిపోతాయని వాడటం లేదు. దానికి మారితే కుంభం దక్కుతుందా?

పర్లాకిమిడి_మాస్టారు

సగం దక్కుతుంది. 4:2:2లో రంగుని అడ్డంగా మాత్రమే సగం చేస్తారు, నిలువున పూర్తిగా ఉంచుతారు. అంచు తెర మీద అడ్డంగా పరుచుకుని ఉంటే గీత బాగా వస్తుంది. పైట భుజం మీంచి నిలువుగా జారుతుంటే అక్కడ మళ్ళీ సగమే. పీటల మీద కూర్చున్నప్పుడు ఒకలా, నిలబడి తలంబ్రాలు పోస్తున్నప్పుడు ఒకలా ఉంటుంది. 10 బిట్ వల్ల లాభం వేరే చోట. స్టేజీ వెనక రంగు లైట్ల తెర మీద పట్టీలు పట్టీలుగా రావడం తగ్గుతుంది.

జయపురం_కోడెక్

ఇంకో దారుంది. 4కెలో తియ్యండి, మామూలు 4:2:0 అయినా సరే. 4కెలో రంగు పొర సగానికి తగ్గినా 1920×1080 ఉంటుంది, అంటే ఫుల్ హెచ్‌డి వెలుగు పొరంత వివరం రంగులోనే మిగిలింది. కానీ దాన్ని హెచ్‌డికి కుదించి మళ్ళీ 4:2:0లో ఇచ్చారంటే కథ మొదటికొస్తుంది. 4కె ఫైలు 4కెగానే ఇవ్వాలి. ఎడిటింగ్‌లో మధ్య ఫైళ్ళు కూడా కోత తక్కువ ఉన్నవి వాడండి. కోసినదాన్ని మళ్ళీ కోస్తే, రెండో కోడెక్ మొదటిది చేసిన మచ్చల్ని కూడా బొమ్మలో భాగమనుకుని వాటికి బిట్లు ఖర్చు పెడుతుంది.

గంజాం_కెమెరా

సరే, ఇక మీదట రేటు కార్డులో రెండు వరసలు పెడతాను. టీవీకీ ఫోన్‌కీ చిన్న ఫైలు, హార్డ్ డిస్కులో 4కె అసలు ఫైలు. డిస్కు ఖర్చు పెళ్ళివారిది. ఈ మేనత్త గారికి మాత్రం ఆ ఒక్క పెళ్ళికూతురి భాగం మా దగ్గరున్న 4కె ఫుటేజీలోంచి విడిగా తీసి ఇస్తున్నాను.

రాయగడ_కేబుల్

పెట్టన్నా, పెట్టు. పది పెళ్ళిళ్ళలో ఎంతమంది రెండో వరస ఎంచుకుంటారో చూసి ఇక్కడే రాయి. ఆ డిస్కు పెట్టుకోవడానికి వాళ్ళ టీవీలో సరైన పోర్టు ఉందో లేదో కూడా నువ్వే చూసి రావాలి మరి.

నేతింటి_పిల్ల

నేతవాళ్ళ ఇళ్ళ పెళ్ళిళ్ళు లెక్కలో వేసుకోండి అన్నయ్యా, అందరూ రెండో వరసే తీసుకుంటారు. గంజాం అన్నా, షాపు తీసే వేళ చెప్పండి. ఎరుపు–ఆకుపచ్చది ఒకటి, నీలం–నలుపుది ఒకటి పట్టుకొస్తాను, రెండు పద్ధతుల్లోనూ తీసి ఇక్కడ పెట్టండి. అంచు నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి.